మావయ్య రేట్ల కాగితం

ఈ మధ్య మా ఆడపడుచు కొడుకు బ్లాగు మొదలుపెట్టాడు. వంటల గురించట. పెట్టుకోనీ, నాకేం? కానీ మొన్న ఆదివారం భోజనాలయ్యాక ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టి, "అత్తా, బ్లాగు పెరగాలన్నా, దాని మీద డబ్బులు రావాలన్నా బోలెడు టూల్స్ ఉన్నాయి, చూడు" అన్నాడు. జనం ఏం వెతుకుతున్నారో చెప్పేదొకటట. చదివినవాళ్ళ చిరునామాలు పోగేసేదొకటట. ప్రకటన ఎక్కడ పెడితే కన్ను పడుతుందో చెప్పేదొకటట. "మీ బ్లాగు వల్ల మేం బాగుపడ్డాం" అని పాఠకులు అన్న మాటల్ని అందంగా గళ్ళు కట్టి చూపించేది ఇంకొకటట. ఆ చివరిది వినేసరికి "మూసెయ్ రా బాబూ" అని లేచి పెరట్లోకి పోయాను. పిల్లాడు బిక్కమొహం వేశాడు. పాపం వాడి తప్పేం లేదు. ఆ టూల్సన్నీ నేను ఎనభైల్లోనే నూజివీడులో చూశాను, చేత్తో తిప్పే మిషను మీద.

మా అమ్మ తమ్ముడికి నూజివీడు బజార్లో కిరాణా కొట్టు ఉండేది. మాది మైలవరం. ఇంటరు అయ్యాక టైపు నేర్చుకోమని నన్ను మావయ్య ఇంట్లో దింపారు. మావయ్యకి కొట్టు బాగానే నడిచేది గానీ ఆయనకి అది ఆనేది కాదు. "ఉప్పూ పప్పూ ఎవడైనా అమ్ముతాడు, కబురు అమ్మేవాడే మొనగాడు" అంటుండేవాడు. మూతపడ్డ ట్యుటోరియల్ కాలేజీ ఒకటుంటే, వాళ్ళ దగ్గర పాత సైక్లోస్టైల్ మిషను కొనుక్కొచ్చాడు. మైనం పూసిన స్టెన్సిలు కాగితం మీద ఇనప ములికి ఉన్న పెన్నుతో రాయాలి. దాన్ని సిరా డ్రమ్ముకి చుట్టి పిడి తిప్పితే కాపీలు ఒక్కొక్కటే ఊడిపడతాయి. మావయ్య చేతిరాత పేడలో కోడి నడిచినట్టుండేది. నాది గుండ్రంగా ఉంటుంది. అందుకని రాసే పని నా నెత్తిన పడింది.

మిషను కొట్టు వెనక గదిలో, బెల్లం బస్తాల పక్కన ఉండేది. బెల్లం మీది ఈగలు తడి సిరా మీద వాలి, కాళ్ళంటుకుపోయి అక్కడే చచ్చేవి. ప్రతి కట్టలోనూ రెండో మూడో కాపీల మీద ఈగ రెక్క అతుక్కుని ఉండేది. మావయ్య దాన్ని గోటితో గీకేసి, అదే వేలు నాలిక మీద తడుపుకుని తర్వాతి కాయితం తీసేవాడు. థూ! ఆ తరవాత ఆయన చేత్తో ఇచ్చిన పటికబెల్లం ముక్క కూడా నేను నోట్లో పెట్టుకోలేదు.

మొదట్లో మాత్రం ఆ కాగితం మంచిదే. ఉన్నమాట చెప్పుకోవాలి. మావయ్య తెల్లారగట్లే మామిడి మార్కెట్టుకి వెళ్ళి, బంగినపల్లి ఎంత పలికింది, చిన్న రసాలు ఎంత, కలెక్టరు కాయ ఎంత అని అడిగి రాసుకొచ్చేవాడు. వారానికోసారి కాగితం. రెడ్డిగూడెం, చింతలపూడి, మైలవరం వెళ్ళే బస్సుల్లో కండక్టర్ల చేత కట్టలు పంపేవాళ్ళం. అంతకు ముందు రైతుకి కాయ బండి మీద వేసుకుని నూజివీడు చేరేదాకా రేటెంతో తెలిసేది కాదు. కాగితానికి ఏదో పెద్ద పేరే పెట్టాడు గానీ అందరూ రేట్ల కాగితం అనే అనేవాళ్ళు. టీ కొట్లో ఒకడు పైకి చదువుతుంటే పదిమంది చుట్టూ చేరేవాళ్ళు. నాకూ గర్వంగానే ఉండేది, నా అక్షరాలేగా అవి.

అక్కడితో ఆగితే మా మావయ్య ఎందుకవుతాడు? కాగితం పెరగాలన్నాడు. పెరగడానికి వారఫలాలు మొదలుపెట్టాడు. పన్నెండు రాశులకి పన్నెండు ముక్కలు ఒకసారి కూర్చుని రాసి, ప్రతివారం ఒక్కో గడి కిందకి జరిపేవాడు. ఈ వారం మేషానికి ధనలాభమైతే వచ్చేవారం అదే లాభం వృషభానికి. ఆ తర్వాత ప్రశ్నలూ జవాబులూ. ప్రశ్నలు కూడా ఆయనే. "ఒక అభాగిని, చింతలపూడి" అని సంతకం పెట్టి, భర్త తాగుడు గురించి అడిగి, కింద ఆయనే ఓదార్చేవాడు. దాని తర్వాత లక్కీ కూపను. కూపను కత్తిరించి పేరూ ఊరూ రాసి పంపితే స్టీలు బకెట్టు. జనం ఎగబడి పంపారు. ఆ చిరునామాలన్నీ పట్టుకెళ్ళి పురుగుమందుల కొట్టువాడికి అమ్ముకున్నాడు. బకెట్టు మాత్రం కొట్లో మేకుకి వేలాడుతూనే ఉండేది, దుమ్ము పట్టి, లోపల సాలీడు గూడుతో సహా. ఎవరన్నా అడిగితే "ఇంకా డ్రా తియ్యలేదండీ" అనేవాడు. సిగ్గూ ఎగ్గూ లేని మొహం!

ఇక ప్రకటనలు. సినిమా హాలు, ఎరువుల కొట్టు, మూలశంక వైద్యుడు. మూలశంకకి పెద్ద గడి, దాని పక్కన సన్నగా బంగినపల్లి రేటు. "మావయ్యా, తినే కాయ పక్కన ఆ రోగమేంటి, రోతగా?" అంటే, "రేటు చూడనివాడు ఉండడు కదా, పక్కనున్నది కూడా చూస్తాడు. అదే కిటుకు" అన్నాడు.

ఈ కాగితం చదివించుకోవడానికి రెడ్డిగూడెం నుంచి ఒకావిడ వచ్చేది. నలభై ఏళ్ళుంటాయేమో. భర్త పోయాక తోట తనే చూసుకునేది. చందా కట్టింది గానీ చదువు రాదు. సరుకులకి వచ్చినప్పుడు కొట్టు అరుగు మీద కూర్చుని, "ఏదీ అమ్మాయిగారూ, ఓసారి వినిపించండి" అనేది. నేను చదివేదాన్ని. వారఫలాలు అక్కర్లేదనేది. రేట్లు మాత్రం రెండుసార్లు చదివించుకునేది.

అప్పట్లో చిన్న రైతులు చాలామంది తోటల్ని పూత మీదే అమ్మేసేవాళ్ళు. పుష్యమాసంలో పూత రాగానే షావుకార్లు తోట తోటకీ తిరిగి, చెట్టు నిండా పువ్వుందో లేదో చూసి, రాబోయే కాయ మొత్తానికి ఒక ధర కట్టేసేవాళ్ళు. ఆ పైన కాయ ఎంత కాసినా షావుకారుదే. ఆవిడ కూడా ఏటా అలాగే అమ్మేది. ఆ ఏడు మాత్రం అమ్మనంది. "ఈసారి కాయ దాకా ఆగుతానండీ. నేనే బండి కట్టుకుని నూజివీడు తెస్తా. రేటు మీ కాగితంలో ఉంటదిగా, నన్నెవరు మోసం చేస్తారు?" అంది. ఆ డబ్బుతో బోరు వేయించాలని ఆవిడ ఆశ. భర్త పోయే ముందు ఇద్దరూ కలిసి తోట చివర కొత్త అంట్లు నాటారు. ఎండాకాలం వాటికి కావిడితో నీళ్ళు మోసి మోసి ఆవిడ భుజం కాయకాసింది. "ఈ వేసవి దాటితే బతికిపోతాయండీ. బోరు పడకపోతే మాత్రం నా వల్ల కాదు" అంది.

ఆ పుష్యమాసంలోనే ఒక షావుకారు మావయ్య దగ్గరకి రావడం మొదలుపెట్టాడు. కమీషన్ వ్యాపారి, తోటలు కొనేవాడు. వచ్చి కుర్చీలో కూలబడి, కిళ్ళీ నమిలి, మా కొట్టు ముందున్న కాలవలోకి ఉమ్మేవాడు. సగం కాలవలో పడేది, సగం మా మెట్టు మీద. అత్తయ్య నోరెత్తకుండా నీళ్ళు పోసి కడిగేది. ఒకరోజు నేను లోపల స్టెన్సిలు రాస్తుంటే వాడి మాట వినబడింది. "ప్రకటనలా ఉండొద్దండీ. వార్తలా ఉండాలి. చింతలపూడి వైపు తేనెమంచు పడిందనీ, ఇటే వస్తోందనీ నాలుగు ముక్కలు రాయండి చాలు." తేనెమంచు పురుగు పడితే పూత మాడిపోతుంది. పుకారు లేస్తే చాలు, రైతులు వచ్చినకాడికి అమ్ముకుంటారు.

వాడు వెళ్ళగానే నేను బయటికొచ్చాను. "మావయ్యా, అది అబద్ధం కదా!"

"నేను వేస్తానన్నానా?"

"వెయ్యనని కూడా అనలేదుగా."

"వెయ్యనులేవే. వెళ్ళి నీ పని చూసుకో" అన్నాడు, నా మొహం చూడకుండా.

ఆ వారమే నాకు పచ్చకామెర్లు వచ్చాయి. మైలవరం వెళ్ళిపోయి, చప్పిడి తిండి తింటూ మంచం మీద పడున్నాను. కాగితం కట్ట మైలవరం బస్సులో వచ్చింది. నాన్న ఒక కాపీ తెచ్చి ఇచ్చాడు. నేను లేనుగా, రాత మావయ్యది, అదే కోడికాళ్ళ రాత. రేట్లకి పైన, మొట్టమొదట, గీత గీసి మరీ వేశాడు: "రైతులకు హెచ్చరిక. చింతలపూడి ప్రాంతంలో తేనెమంచు. వారం రోజుల్లో మన తోటలకు. పూత మీద బేరం కుదిరినవారు అదృష్టవంతులు." నాకు ఒళ్ళు మండిపోయింది. వెంటనే కక్కుకున్నాను కూడా. అమ్మ కామెర్ల వల్ల అనుకుంది. కామెర్లు కాదు, మావయ్య.

ఆవిడ ఎవరో ఒకరి చేత చదివించుకుంటుంది, నమ్ముతుంది కూడా. నాకు తెలుసు. అమ్మ వద్దు వద్దంటున్నా వినకుండా రెడ్డిగూడెం బస్సెక్కాను. దిగి అడుగుతూ పోతే తోట దొరికింది. తోటంతా పూత, ఘాటు వాసన. ఆవిడ కొత్త అంట్ల దగ్గర పాదులు తవ్వుతోంది. నేను ఒక కొమ్మ వంచి ఆకు నిమిరి చూశాను. తేనెమంచు పడితే ఆకు జిగటగా చేతికంటుకుంటుంది. అది శుభ్రంగా, పొడిగా ఉంది.

"అక్కా, ఆ కాగితంలో రాసింది నమ్మకు. పురుగూ లేదు, పాడూ లేదు. షావుకారు రాయించాడు" అన్నాను, ఆయాసపడుతూ.

ఆవిడ పార కింద పెట్టింది. "పొద్దున్నే బయానా పుచ్చుకున్నానండీ" అంది. షావుకారు మనిషి వచ్చి, తమలపాకుల్లో డబ్బు పెట్టి కొంగులో వేసి వెళ్ళాడట.

"తిరిగిచ్చెయ్! ఇప్పుడే పద, నేనూ వస్తాను. ఇది మోసం అని చెబుదాం."

"ఎట్టాగండీ? తాంబూలంతో పుచ్చుకున్నాక మాట తిప్పితే రేపు నా తోట గట్టెక్కేవాడు ఉంటాడా? పై ఏడు మళ్ళీ కాయ వస్తది, మళ్ళీ అమ్మాలి." కాసేపు నా మొహంలోకి చూసి, "మా మరిది చదివాడు. నేను నమ్మలేదు, ఆకు బానే ఉందిగా అన్నాను. వారంలో వస్తదని రాశారుగా వదినా అన్నాడు. రేట్లు ఎప్పుడూ తప్పు రాయలేదు కదండీ మీరు. ఇది మటుకు తప్పెందుకు రాస్తారనుకున్నా" అంది. ఆవిడ కోప్పడినా బాగుండేది. ఎండలో వచ్చానని లోపలికెళ్ళి మజ్జిగ తెచ్చిచ్చింది.

కామెర్లు తగ్గి నూజివీడు వెళ్ళగానే మావయ్య మీద విరుచుకుపడ్డాను. "డబ్బు తీసుకుని వేసినప్పుడు పైన ప్రకటన అని వెయ్యొచ్చు కదా!"

"వేస్తే ఎవరు చదువుతారే పిచ్చిదానా? ప్రకటన అని రాస్తే ఆ కాగితం మీద పకోడీలు పెట్టుకు తింటారు."

"పురుగు లేదు కదా!"

"రాదని నువ్వు హామీ ఇస్తావా? వస్తే ఏం చేసేవాళ్ళు? జాగ్రత్త చెప్పడం తప్పా?" అన్నాడు. పైగా చిరునవ్వు! ఆ నవ్వు చూస్తే నాకు ఆ మిషనెత్తి ఆయన కాళ్ళ మీద పడేద్దామనిపించింది. ఇక స్టెన్సిలు ముట్టనని చెప్పేశాను. ఇంటికి వెళ్ళిపోతానంటే అమ్మ ఒప్పుకోలేదు. "టైపు పరీక్ష అయ్యేదాకా నోరు మూసుకుని ఉండు, నా తమ్ముడితో నాకు తగువులు పెట్టకు" అంది. మావయ్య ఎవరో గుమాస్తాని పెట్టుకుని రాయించుకున్నాడు. నేను కొట్లో కూర్చుని సరుకులు తూచేదాన్ని. ఆ కాగితం వైపు కన్నెత్తి చూడలేదు.

ఆ ఏడు పురుగూ రాలేదు, గాలివానా రాలేదు. కాయ విరగ్గాసింది. ఆవిడ తోట కాయ షావుకారు బళ్ళ మీద నూజివీడు వచ్చింది. బేరంలో భాగంగా కోతలయ్యేదాకా తోటకి కాపలా ఉండాల్సింది ఆవిడే. తన చెట్ల మీది షావుకారు కాయని ఎవరూ రాల్చుకుపోకుండా తనే కాచింది. బండి వెంట వచ్చి, మా కొట్టు ముందు ఆగి, "ఏమాత్రం పలుకుతోంది అమ్మాయిగారూ?" అని అడిగింది. చెప్పాను. "మంచి రేటే" అంది. అంతే, వెళ్ళిపోయింది. బోరు పడలేదు. కొత్త అంట్లు ఎండిపోయాయని శ్రావణంలో ఎవరో చెప్పారు.

ఆవిడ మళ్ళీ మా కొట్టు మెట్టెక్కింది మరుసటి పూతకే. ఎప్పుడూ కూర్చునే అరుగు మీద కూర్చోలేదు. నడుం దగ్గర దోపుకున్న కాగితం మడత తీసి నాకిచ్చింది. "ఇందులో నా గురించి ఏం రాశారో చదవండి. మొత్తం చదవండి" అంది.

నేను విప్పాను. మూలశంక గడి కింద ఇంకో గడి. చుట్టూ పూలతీగ గీశారు. "పాఠకుల మాట" అని పైన ఉంది. నోరు తెరిచి చదవడం మొదలుపెట్టాకే అదేంటో నాకర్థమైంది. "గత సంవత్సరం మీ పత్రిక హెచ్చరిక చదివి, పూత మీదే తోట అమ్మి, పెద్ద నష్టం తప్పించుకున్నాను. మీ మేలు మరువలేను. ఈ ఏడు కూడా అలాగే అమ్ముతున్నాను. రైతు సోదరులందరూ మీ పత్రిక చదివి నాలాగే బాగుపడాలని కోరుకుంటున్నాను. ఇట్లు, ఒక మహిళా రైతు, రెడ్డిగూడెం."

ఛీ, ఛీ! కాయ తిన్నారు, తోట ఎండగట్టారు, చివరికి ఆవిడ నోట్లోంచి మాట కూడా ఊడబెరుక్కుని అమ్ముకున్నారు.

"ఇంతేనా?" అంది ఆవిడ.

"ఇంతే అక్కా."

"మా మరిదీ, ఎదురింటివాళ్ళూ ఇది చూసే పోయిన నెల బయానా పుచ్చుకున్నారు. ఇప్పుడేమో మైలవరంలో పూత తోటలకే రెట్టింపు పెడుతున్నారంట. నా ఇంటి మీదకొచ్చారు. 'ఈ ఏడు కూడా అమ్ముతున్నానని నువ్వు రాయించావనే కదా అమ్మాం, షావుకారు నీకెంత ముట్టజెప్పాడు' అన్నారండీ. మా తోడికోడలు నా చేతి మంచినీళ్ళు కూడా పుచ్చుకోటంలేదు."

మావయ్య గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచి వచ్చాడు. "ఏంటమ్మా గోల? నీ పేరు వేశామా? ఊరు పేరు వేశాం, అంతేగా. ఊళ్ళో ఎంతమంది లేరూ!"

"మా ఊళ్ళో తోట ఉన్న ఆడమనిషిని నేనొక్కదాన్నేనండీ" అంది ఆవిడ.

మావయ్య బుర్ర గోక్కున్నాడు. నేను ఏదో అరవబోయాను. ఆవిడ చెయ్యెత్తి నన్ను ఆపింది. "నాకు తగువొద్దండీ. ఆ మాట నేను అనలేదని ఒక్క ముక్క వెయ్యండి చాలు. మా వాళ్ళకి చూపించుకుంటా."

"దానికేం, వెయ్యొచ్చు" అన్నాడు మావయ్య, ఊపిరి పీల్చుకుని. "కాకపోతే ఉత్తినే కుదరదమ్మా. వ్యక్తిగతం కదా, అది ప్రకటన కిందకొస్తుంది. నువ్వు మన పాత చందాదారువి, నీ దగ్గర పూర్తి రేటు తీసుకోను. సగం ఇవ్వు."

నేను ఆయన మొహంలోకి చూశాను. వేళాకోళం ఆడుతున్నాడేమోనని. కాదు, నిజంగానే దయ చూపిస్తున్నాననుకుంటున్నాడు.

"సగమంటే ఎంతండీ?" అంటూ ఆవిడ కొంగు ముందుకు లాక్కుని ముడి విప్పడం మొదలుపెట్టింది. నేను గబుక్కున ఆ చెయ్యి పట్టుకున్నాను. "వద్దక్కా, వద్దు" అన్నాను. ఆవిడ నా వేళ్ళు మెల్లిగా విడిపించుకుని మళ్ళీ ముడి మీదకే వంగింది. మావయ్య రసీదు పుస్తకం తెరిచాడు.